పైపొర ముడిఖనిజానికి ఏ శుద్ధి మార్గం తగును: నురుగు తేలింపా, ఆమ్ల లీచింగా?

చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో రాజురా, బల్లార్‌పూర్, సిరోంచ వైపు స్థిరపడిన తెలుగువారిలో గనుల పనితోనో, క్రషర్లతోనో, ఖనిజ రవాణాతోనో, పాలిటెక్నిక్ చదువుతోనో ఈ రంగానికి దగ్గరగా ఉన్నవారు చాలామంది ఉన్నారు. ఖనిజ శుద్ధి వైపు రావాలనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది: భూమి పైపొరల్లో ఎండకూ వానకూ శైథిల్యం చెంది సల్ఫైడు (గంధకంతో కలిసిన) రూపం కోల్పోయిన రాగి, సీసం, జింకు ముడిఖనిజాలను నురుగు తేలింపు పద్ధతిలో శుద్ధి చేయడం మేలా, లేక ఆమ్లంలో కరిగించి లోహాన్ని నేరుగా తీయడం (లీచింగ్) మేలా? దీనికి లోహ శాతం చూసి జవాబు చెప్పేవారు ఎక్కువ. శాతం ఒక్కటే చూసి నిర్ణయించడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం. లోహం ఏ ఖనిజ రూపంలో ఉన్నది, దాని చుట్టూ ఉన్న రాయి ఆమ్లాన్ని ఎంత తాగుతుంది, నూరినప్పుడు మట్టి ఎంత వస్తుంది అనే విషయాలే మార్గాన్ని నిర్ణయిస్తాయి. 1 శాతం రాగి ఉన్న రెండు నమూనాల్లో ఒకటి సులభంగా తేలవచ్చు, రెండవది ఎన్ని రసాయన మందులు వేసినా తేలకపోవచ్చు.

తేలింపు మూలసూత్రం క్లిష్టమైనది కాదు. మెత్తగా నూరిన పొడిని నీటిలో కలిపి గాలి బుడగలు పంపినప్పుడు, నీటికి తడవని రేణువులు బుడగలకు అంటుకుని నురుగులోకి చేరతాయి. తడిసిన రేణువులు నీటిలోనే ఉండి టెయిలింగ్స్‌గా బయటకు పోతాయి. చాల్కోపైరైటు (రాగి), గెలీనా (సీసం) వంటి సల్ఫైడు ఖనిజాలకు ఈ తడవని గుణాన్ని ఇచ్చే కలెక్టర్ రసాయనం జాంథేటు. 1925లో కెల్లర్ అమెరికాలో పేటెంటు పొందినప్పటి నుంచి సల్ఫైడు ఖనిజాల శుద్ధిలో దీనిదే ప్రధాన స్థానం. మనకు ఉత్తరాన బాలాఘాట్ జిల్లాలోని మలాంజ్‌ఖండ్ రాగి గనిలో తేలింపు ప్లాంటు నడుస్తున్నదంటే, అక్కడి లోతు ఖనిజం సల్ఫైడు కావడమే కారణం. అదే పద్ధతిని పైపొర ఖనిజానికి యథాతథంగా వాడితే ఫలితం నిరాశపరుస్తుంది. మలకైటు, అజురైటు (రాగి), సెరసైటు (సీసం), స్మిత్సొనైటు (జింకు) వంటి కార్బొనేటు ఖనిజాల ఉపరితలం నీటిని గట్టిగా పట్టుకుంటుంది. అంతేగాక అది కొద్దికొద్దిగా నీటిలో కరుగుతూ ఉంటుంది. అందువల్ల దాని మీద చేరిన జాంథేటు, తడి గోడ మీద వేసిన సున్నం పెచ్చులూడినట్టు, కదిలించిన కొద్దీ రాలిపోతుంది. కరిగిన లోహ అయాన్లు మిగిలిన జాంథేటును నీటిలోనే పట్టుకుని వృథా చేస్తాయి. మందు మోతాదు పెంచడం దీనికి పరిష్కారం కాదు. ఉపరితలాన్నే మార్చాలి, లేదా తేలింపును విడిచి మరో మార్గం చూడాలి.

ఎంపికకు ముందు చేయించవలసిన పరీక్షలు

మార్గం గురించి మాట్లాడే ముందు పరీక్షల గురించి చెప్పాలి, ఎందుకంటే ఎంపికలో జరిగే పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. రాగి విషయంలో అన్నిటికన్నా చౌకైన, అన్నిటికన్నా ఉపయోగకరమైన పరీక్ష ఆమ్లంలో కరిగే రాగిని కొలవడం. మొత్తం రాగితో పోల్చి ఈ అంకెను చూస్తే ఖనిజంలో ఎంత భాగం కార్బొనేటు, సిలికేటు, ఆక్సైడు రూపంలోకి మారిందో తెలుస్తుంది. మొత్తం రాగిలో చిన్న భాగమే ఆమ్లంలో కరిగితే అది ప్రధానంగా సల్ఫైడు ఖనిజమే, సాధారణ తేలింపు చాలు. ఎక్కువ భాగం కరిగితే అది పైపొర ఖనిజం. మధ్యలో ఉంటే మిశ్రమ ఖనిజం, దీనికి వేరే క్రమం అవసరం. చాల్కోపైరైటు సజల ఆమ్లంలో దాదాపు కరగదు కనుక ఈ పరీక్ష నమ్మదగినదే. అయితే రాగి ఆక్సైడు అయిన క్యూప్రైటులోని రాగి ఈ పరీక్షలో పూర్తిగా బయటపడదు కనుక అది ఎక్కువగా ఉన్న రాయిలో అంకె తక్కువగా కనిపిస్తుంది.

రెండవ పరీక్ష ఆమ్ల వినియోగం. నూరిన ఖనిజాన్ని సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కొన్ని గంటలు కలిపి, ఎంత ఆమ్లం ఖర్చయిందో చూడాలి. మూడవది సూక్ష్మదర్శిని కింద రాయి పలకను పరిశీలించడం. మలకైటు విడి కణాలుగా ఉందా, లేక ఇనుప తుప్పు అయిన గోథైటులో రాగి అంతర్భాగంగా కలిసిపోయిందా అనేది ఇక్కడే తెలుస్తుంది. గోథైటులో ఇరుక్కున్న రాగి ఏ తేలింపుకూ లొంగదు, బలహీనమైన ఆమ్లానికీ సులభంగా లొంగదు. శాతం బాగుందని కనిపించిన ఎన్నో నమూనాలు నిరాశపరచడానికి కారణం ఇదే. ఈ పరీక్షల కోసం దూరం వెళ్ళనవసరం లేదు: నాగపూర్ మన ఇరుగుపొరుగు నగరమే. అక్కడ ప్రధాన కార్యాలయం ఉన్న ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌కు హింగ్ణాలో ఖనిజ శుద్ధి ప్రయోగశాల, పైలట్ ప్లాంటు ఉన్నాయి. ఒడిశా సరిహద్దులోని కోరాపుట్, రాయగడ వైపు తెలుగువారికి భువనేశ్వర్‌లోని ఖనిజ, పదార్థ సాంకేతిక సంస్థ దగ్గరవుతుంది.

సల్ఫైడీకరణ: మొదట పరిశీలించవలసిన తేలింపు మార్గం

కార్బొనేటు ఖనిజం ఉపరితలం మీద సోడియం సల్ఫైడు, లేదా సోడియం హైడ్రోసల్ఫైడు ద్రావణం పోస్తే, ఆ పైపొర పలుచని సల్ఫైడు పూతగా మారుతుంది. ఇక జాంథేటుకు అది సల్ఫైడు ఖనిజంలాగే కనిపిస్తుంది. మలకైటు, అజురైటు, సెరసైటుల విషయంలో ఇది అనేక దేశాల్లో దశాబ్దాలుగా అమలులో ఉన్న పద్ధతి. ఏ ఖనిజానికి ఎంతవరకు పనిచేస్తుందో చెప్పుకోవాలంటే, సీసపు కార్బొనేటు అయిన సెరసైటు చక్కగా స్పందిస్తుంది. సీసపు సల్ఫేటు అయిన ఆంగ్లిసైటు ఎక్కువ మందు కోరుతుంది. మలకైటు, అజురైటు బాగానే స్పందిస్తాయి. క్యూప్రైటు ఓ మోస్తరు. రాగి సిలికేటు అయిన క్రైసొకొల్లా మాత్రం దాదాపు మొండికేస్తుంది. కాబట్టి ఆకుపచ్చ, నీలి రంగులు కనిపించాయని మలకైటు అనుకుని ప్లాంటు ఆలోచన చేయడం ప్రమాదకరం. ఆ రంగు క్రైసొకొల్లాదైతే తేలింపు మీద పెట్టిన పెట్టుబడి తిరిగి రాదు.

ఈ పద్ధతిలోని కష్టమంతా మోతాదులోనే ఉంది. సల్ఫైడు తక్కువైతే పూత పడదు. ఎక్కువైతే నీటిలో మిగిలిపోయిన సల్ఫైడు అయాన్లు జాంథేటును ఖనిజం దరికి రానివ్వవు, పూత పడిన రేణువులు కూడా తేలకుండా అడుగునే ఉండిపోతాయి. ఈ రెండింటి మధ్య కిటికీ ఇరుకైనది. అందుకే మందు మొత్తాన్ని ఒకేసారి పోయకుండా రెండు మూడు విడతలుగా పోసి, ప్రతి విడత తరువాత తేలిన నురుగును తీసుకుంటూ పోవడం మేలు. సల్ఫైడు అయాన్లకు స్పందించే ఎలక్ట్రోడుతో గుజ్జు (నీటిలో కలిపిన ఖనిజ పొడి) విద్యుత్ పొటెన్షియల్‌ను సుమారు −500 మిల్లీవోల్టుల చుట్టూ నిలిపి ఉంచడం మరింత మేలు. ఈ పరికరం చిన్న ప్లాంటుకు ఖర్చుగా అనిపించవచ్చు. అయినా సల్ఫైడీకరణ ప్లాంటు పెట్టేవారు మరే ఖర్చులోనైనా పొదుపు చేయవచ్చు గాని దీనిలో చేయకూడదని నా సలహా, ఎందుకంటే ముడిఖనిజం గని నుంచి రోజు రోజుకూ మారుతూనే ఉంటుంది, నిన్నటి మోతాదు నేటికి సరిపోదు. పీహెచ్ 9 నుంచి 9.5 మధ్య ఉండటం సాధారణం. అమ్మోనియం సల్ఫేటును కొద్దిగా కలిపితే మలకైటు మీద పూత త్వరగా, స్థిరంగా ఏర్పడుతుంది.

మన ప్రాంత వాతావరణం ఇక్కడ నిజంగా లెక్కలోకి వస్తుంది. చంద్రపూర్ వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం మామూలే. జాంథేటు వేడికీ తేమకూ చెడిపోయి కార్బన్ డైసల్ఫైడును విడుదల చేస్తుంది. ఆ ఆవిరి సులభంగా అంటుకునేదీ, విషపూరితమైనదీ. వానాకాలంలో సోడియం సల్ఫైడు పలుకులు గాలిలోని తేమను పీల్చి కరిగిపోతాయి. కాబట్టి నిల్వ గది గాలి ఆడే నీడలో ఉండాలి, సరుకు కొద్దికొద్దిగా తెప్పించుకోవాలి, పాత సంచి ముందు వాడాలి. జాంథేటు ద్రావణాన్ని రెండు రోజులకు సరిపడేలా కలపడం కన్నా ఏ రోజుకారోజు కలపడం మంచిది. అన్నిటినీ మించిన హెచ్చరిక ఒకటి ఉంది: సోడియం సల్ఫైడు ఉన్న గుజ్జులో ఎవరైనా తెలియక ఆమ్లం కలిపితే, పీహెచ్ పడిపోయిన వెంటనే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుడుతుంది. కుళ్ళిన గుడ్ల వాసనతో దానిని మొదట గుర్తించవచ్చు. కాని గాలిలో దాని మోతాదు సుమారు 100 పీపీఎంకు (పది లక్షల్లో 100 భాగాలకు) చేరితే ముక్కు ఆ వాసనను పట్టే శక్తి కోల్పోతుంది. వాసన పోయింది కనుక ప్రమాదం తొలగిందని అనుకునే మనిషి అక్కడే కూలిపోతాడు. ఆమ్లపు పీపా, సల్ఫైడు సంచి ఒకే గదిలో ఉండకూడదు. ఈ నియమం విషయంలో రాజీ పడవద్దు.

కొవ్వు ఆమ్లాలు, హైడ్రాక్సమేట్లు

సల్ఫైడు పూత లేకుండానే కార్బొనేటు ఖనిజాన్ని నేరుగా పట్టుకునే కలెక్టర్లు కూడా ఉన్నాయి. కొవ్వు ఆమ్లాలు వీటిలో చౌకైనవి. కాంగో దేశపు కటంగా ప్రాంతంలో కొల్వేజి రాగి ప్లాంటు పామ్ నూనె నుంచి తీసిన కొవ్వు ఆమ్లాలతో మలకైటును తేలించింది. అయితే అక్కడ ఆ పద్ధతిని సిలికా రాయిలో ఉన్న ఖనిజానికి వాడారు. డోలమైటు (సున్నపురాయి వంటి కార్బొనేటు) రాయిలో ఉన్న ఖనిజానికి సల్ఫైడీకరణనే ఎంచుకున్నారు. ఈ తేడా మనకు చాలా ముఖ్యం. కొవ్వు ఆమ్లం మలకైటును ఎంత ఇష్టంగా పట్టుకుంటుందో సున్నపురాయినీ, డోలమైటునూ అంతే ఇష్టంగా పట్టుకుంటుంది. రాజురా, గడ్‌చాందూర్ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకు అందించే సున్నపురాయి విస్తారంగా ఉన్నది. అలాంటి సున్నపు రాళ్ళలో ఉన్న లోహ ఖనిజానికి కొవ్వు ఆమ్లం వాడితే, నురుగులో లోహంకన్నా సున్నమే ఎక్కువ వచ్చే ప్రమాదం ఉంది.

హైడ్రాక్సమేట్లు కొవ్వు ఆమ్లాలకన్నా లోహాన్ని మరింత ఎంచి పట్టుకుంటాయి, రాగితో గట్టిగా ముడిపడతాయి. సల్ఫైడీకరణలో తేలనివి కూడా వీటితో కొంత తేలుతాయి. కాని ఖరీదు ఎక్కువ, సన్న మట్టి ఉంటే మందు అంతా మట్టే తాగుతుంది. ప్రధాన మార్గంగా కాక, సల్ఫైడీకరణ తరువాత మిగిలిపోయిన భాగాన్ని అందుకునే రెండవ అంచెగా హైడ్రాక్సమేటును పరీక్షించడం నాకు సబబుగా తోస్తుంది.

ఆమ్ల లీచింగ్: సున్నం ఎంత ఉంటే వద్దు?

ముడిఖనిజాన్ని కుప్పగా పోసి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం చిలకరించి, కారిన రాగి ద్రావణాన్ని ద్రావణి నిష్కర్షణతో (నీటిలో కలవని వేరొక ద్రవంలోకి రాగిని లాగి) శుద్ధి చేసి, విద్యుత్తుతో రాగి రేకులుగా తీసే పద్ధతి 1968లో అరిజోనాలోని బ్లూబర్డ్ గనిలో మొదటిసారి వాణిజ్య స్థాయిలో నడిచింది. ఇందులో స్మెల్టరు (ఖనిజాన్ని కరిగించే కొలిమి) అవసరం లేదు, నేరుగా అమ్ముకోదగిన రాగి వస్తుంది. క్రైసొకొల్లా కూడా ఇక్కడ కరుగుతుంది. తేలింపు చేయలేని పనిని ఈ పద్ధతి చేస్తుంది.

మరి అడ్డంకి ఏమిటి? సున్నం. 1 టన్ను కాల్సైటును (సున్నపురాయిలోని ప్రధాన ఖనిజాన్ని) కరిగించడానికి 0.98 టన్ను సల్ఫ్యూరిక్ ఆమ్లం ఖర్చవుతుంది. 1.5 శాతం రాగి మలకైటు రూపంలో, 10 శాతం కాల్సైటు ఉన్న ముడిఖనిజాన్ని ఊహించి లెక్క చూద్దాం. టన్ను ఖనిజంలోని 15 కిలోల రాగిని కరిగించడానికి సుమారు 23 కిలోల ఆమ్లం చాలు. అదే టన్నులోని 100 కిలోల కాల్సైటు 98 కిలోల ఆమ్లాన్ని తాగుతుంది. రాగికి అయిన ఆమ్లం విద్యుత్తుతో రాగిని తీసేటప్పుడు తిరిగి పుడుతుంది; కాల్సైటుకు అయిన ఆమ్లం జిప్సంగా మారి శాశ్వతంగా పోతుంది, పైగా ఆ జిప్సం కుప్పలోని దారులను మూసివేస్తుంది. కాల్సైటు 1 శాతమే అయితే ఈ ఖర్చు 9.8 కిలోలకు తగ్గుతుంది, అప్పుడు లీచింగ్ లాభసాటి కావచ్చు. ఈ లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోదగినది. సున్నం ఎక్కువగా ఉన్న రాయిని కుప్ప లీచింగ్‌కు పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను.

మరొక అడ్డంకి వానాకాలం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గడ్చిరోలి అడవుల్లో కురిసే వానకు కుప్పల కింది ఆమ్ల చెరువులు పొంగకుండా చూడటం తేలిక కాదు. వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహితగా మారి సిరోంచ దాటి గోదావరిలో చేరుతాయి. ఇక్కడ పొంగిన ఆమ్లం కింద తెలంగాణలోని తెలుగు పల్లెల నీటినే పాడుచేస్తుంది. ఈ భయంతో లీచింగ్‌ను పూర్తిగా విడిచిపెట్టాలని కాదు, వానకాలం మొత్తం నీటిని పట్టగలిగే చెరువు, కింద చెక్కుచెదరని ప్లాస్టిక్ పరుపు లెక్కలో లేకపోతే ఆ అంచనాను పక్కన పెట్టాలని.

తేలింపు, లీచింగ్ రెండూ కలిపిన మార్గం ఒకటి ఉంది: ఆమ్లంలో రాగిని కరిగించి, తుక్కు ఇనుముతో సిమెంటు రాగిగా (పొడి రూపంలోని లోహ రాగిగా) అవక్షేపించి, ఆ రాగిని గుజ్జు నుంచి తేలించడం. తుక్కు ఇనుము చౌకగా దొరికేచోట, సల్ఫైడు కూడా కలిసిన ఖనిజానికి ఇది పనికివస్తుంది. ఇతరచోట్ల రసాయన ఖర్చు వచ్చే లాభాన్ని మించిపోతుంది.

సీసం, జింకు, ఇనుము

సీసం విషయంలో నాకు సందేహం లేదు, సెరసైటు ఉంటే సల్ఫైడీకరణే మంచి ఎంపిక. సెరసైటు సాంద్రత 6.5 దాకా ఉంటుంది కనుక ముందుగా బరువును బట్టి వేరుచేసే జిగ్, షేకింగ్ టేబుల్‌తో ముతక కణాలను తీసుకుని, సన్నటి భాగాన్ని మాత్రం తేలింపుకు పంపితే మందు ఆదా అవుతుంది. సెరసైటు పెళుసు; ఎక్కువ నూరితే సన్నని బురదలాంటి స్లైమ్స్‌గా మారి నీటితో కొట్టుకుపోతుంది.

జింకు కష్టమైన లోహం. స్మిత్సొనైటు, జింకు సిలికేటు అయిన హెమిమార్ఫైటులను సల్ఫైడీకరించి, జాంథేటు బదులు కొవ్వు అమీన్లతో, పీహెచ్ 10.5 నుంచి 11 మధ్య తేలించడం తెలిసిన పద్ధతి. ఇక్కడ స్లైమ్స్ సమస్య తీవ్రం. నీటిని సుడి తిప్పి రేణువులను వేరుచేసే హైడ్రోసైక్లోన్‌తో సన్న మట్టిని ముందే తీసివేయకపోతే అమీన్లు మట్టికే చుట్టుకుంటాయి, తీసివేస్తే ఆ మట్టితో జింకు కూడా పోతుంది. నమీబియాలోని స్కోర్పియన్ గని తన జింకు సిలికేటు, కార్బొనేటు ఖనిజానికి తేలింపును పూర్తిగా వదిలి, 2003 నుంచి ఆమ్ల లీచింగ్, ద్రావణి నిష్కర్షణ, విద్యుత్ మార్గాన్నే నడిపింది. మట్టి ఎక్కువ, సున్నం తక్కువ అయిన జింకు ఖనిజానికి నేనూ లీచింగ్ వైపే మొగ్గుతాను.

ఇనుము, మాంగనీసు ముడిఖనిజాలకు గురుత్వాకర్షణ, అయస్కాంత పద్ధతులు ముందు. గడ్చిరోలిలోని సూర్జాగడ్ ఇనుప ఖనిజం వంటి హెమటైటు (ఇనుప ఆక్సైడు) నుంచి సన్న సిలికాను తీయవలసి వస్తే మాత్రం, స్టార్చితో హెమటైటును అడుగున ఉంచి, ఈథర్ అమీన్లతో సిలికానే నురుగులోకి తేలించే పద్ధతి ఉంది.

మిశ్రమ ఖనిజం, మిగిలిన లెక్కలు

ఒకే గనిలో పైన మలకైటు, కింద చాల్కోపైరైటు ఉండి మధ్యన రెండూ కలిసి ఉండటం సాధారణం. ఈ మధ్యపొరకు సల్ఫైడు మందును మొదటే పోయకూడదు. మిగులు సల్ఫైడు చాల్కోపైరైటును అడుగున పడేస్తుంది. ముందు జాంథేటుతో సల్ఫైడు ఖనిజాన్ని తేలించి తీసుకుని, ఆ తరువాతే సల్ఫైడీకరణ చేసి కార్బొనేటును తేలించాలి. పైపొరను, మధ్యపొరను, లోతు పొరను వేర్వేరు గుట్టలుగా నిల్వచేసి, వేర్వేరుగా పంపగలిగితే ఇంకా మేలు. గని వారికి ఇది అదనపు శ్రమ, కాని తేలింపు సెల్ ముందు నిలబడిన మనిషికి దీనికి మించిన సహాయం లేదు.

కాన్సెంట్రేటు (తేలింపులో వచ్చిన శుద్ధ ఖనిజం) కొనేవారు ఎక్కడున్నారో కూడా ముందే చూసుకోవాలి. రాగి కాన్సెంట్రేటుకు గుజరాత్‌లోని దహేజ్ స్మెల్టరు దాకా రవాణా ఖర్చు ఉంటుంది. మలకైటు కాన్సెంట్రేటులో గంధకం పూత మేరకే ఉంటుంది. నేటి స్మెల్టర్లు ఖనిజంలోని గంధకం మండగా వచ్చే వేడి మీద ఆధారపడతాయి కనుక ఇటువంటి సరుకును సల్ఫైడు కాన్సెంట్రేటుతో కలిపి కొంతవరకే తీసుకోగలవు. నాణ్యత ఒప్పందంలో తేమ, సిలికా, సున్నం పరిమితులు ఏవో చదివిన తరువాతే ప్లాంటు పరిమాణం నిర్ణయించుకోవాలి. రాగి, సీసం, జింకు వంటి ప్రధాన ఖనిజాలను 1957 నాటి గనుల చట్టం ప్రకారం లీజు లేకుండా తవ్వడం, తరలించడం నేరం అన్న సంగతీ మరువకూడదు.

ప్రయోగశాలకు పంపే నమూనా ఒక్క గుట్ట పైనుంచి తీసినదై ఉండకూడదు. పై రెండు మీటర్లు, మధ్యన, నీటి మట్టానికి దగ్గరగా, ఇలా లోతును బట్టి వేరు సంచుల్లో పంపాలి. ప్రయోగశాల వారు శుద్ధజలంతో పరీక్షిస్తే, ప్లాంటులో వాడబోయే బోరు నీటితోనూ ఒకసారి పరీక్షించమని అడగాలి, ఎందుకంటే బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం కొవ్వు ఆమ్లాన్ని సబ్బుగా గడ్డకట్టిస్తాయి. టెయిలింగ్స్ నీటిని తిరిగి వాడే పద్ధతిలో పరీక్షించమని కూడా అడగాలి. సల్ఫైడీకరణ ప్లాంటులో తిరిగి వచ్చే నీటిలో మిగిలిన మందు మోతాదును మార్చివేస్తుంది, ఆ ప్రభావం ఒక్కసారి చేసిన పరీక్షలో కనిపించదు. ఫలితాల పట్టికలో లోహ శాతంతోపాటు, ఎంత లోహం తిరిగి వచ్చిందీ, టన్నుకు ఎన్ని కిలోల సల్ఫైడు, ఎన్ని కిలోల ఆమ్లం పోయిందీ ఉండేలా ముందే రాసి ఇవ్వాలి.